సహజ లాటెక్స్ పరుపు: కొనేముందు తెలుసుకోవాల్సిన భౌతికశాస్త్రం

సూరత్ నగరంలోని పాత పారిశ్రామికవాడల్లో ఖటోదరా ఒకటి. కృత్రిమ దారంతో తయారయ్యే వస్త్రాలకు దేశంలోనే పెద్ద కేంద్రమైన ఈ నగరంలో మరమగ్గాలు పగలూ రాత్రీ ఆడుతూనే ఉంటాయి. తెలంగాణ జిల్లాల నుంచి తరాల క్రితమే వలస వచ్చి ఇక్కడ స్థిరపడిన నేత కుటుంబాలు చాలా ఉన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. మగ్గాల దగ్గర పన్నెండు గంటల షిఫ్టు మామూలు విషయం. రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చినవారు ఎండ ఎక్కే వేళకు పడుకోవాలి. రోజంతా నిలబడి పనిచేసే నడుముకు దొరికే విశ్రాంతి ఆ ఐదారు గంటలే.

అందుకే ఇల్లు కాస్త కుదుటపడ్డాక చాలా కుటుంబాలు పెట్టే పెద్ద ఖర్చుల్లో పరుపు కూడా ఉంటోంది. దుకాణంలో అడుగుపెడితే అక్కడ వినిపించే మాటలు ఒకేలా ఉంటాయి: సహజ లాటెక్స్, ఆర్థోపెడిక్, చల్లదనం, ఇరవై ఏళ్ల మన్నిక. సాధారణ ఫోమ్ పరుపుతో పోలిస్తే లాటెక్స్ పరుపు ధర రెండు మూడు రెట్లు ఉండవచ్చు. ఒకసారి కొన్నాక నచ్చకపోయినా పదేళ్లు దాని మీదే పడుకోక తప్పదు. ఈ మాటల్లో ఏవి నిజం, ఏవి సగం నిజం అన్నది తేల్చుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. బడిలో చదువుకున్న పీడనం, సాంద్రత, ఉష్ణం అనే మూడు విషయాలు గుర్తుంటే చాలావరకు సరిపోతుంది.

చెట్టు నుంచి పరుపు దాకా

రబ్బరు చెట్టు బెరడు మీద ఏటవాలుగా గాటు పెడితే కారే తెల్లని పాలే లాటెక్స్. అందులో దాదాపు మూడోవంతు రబ్బరు, మిగిలినదంతా ప్రధానంగా నీరు. మన దేశంలో దీని సాగు ఎక్కువగా కేరళలో ఉంది, ఆ తర్వాతి స్థానం త్రిపురది. పాలు గడ్డకట్టకుండా అమ్మోనియా కలిపి, వెన్న తీసినట్టు యంత్రంలో వేగంగా తిప్పి, రబ్బరు పాలు అరవై శాతానికి చేరేలా చిక్కబరుస్తారు. పరుపుల కర్మాగారానికి వెళ్లేది ఈ చిక్కటి ద్రవమే.

ఆ ద్రవాన్ని గుడ్డులోని తెల్లసొనను గిలక్కొట్టినట్టు నురగ వచ్చేలా చిలుకుతారు. నురగ చల్లారి నీరుగా మారేలోపే గడ్డకట్టించే రసాయనం కలిపి అచ్చులో పోసి ఆవిరితో వేడి చేస్తారు. ముందే కలిపి ఉంచిన గంధకం ఆ వేడికి రబ్బరు అణువుల పొడవాటి గొలుసుల మధ్య వంతెనలు కడుతుంది. చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనుగొన్న వల్కనీకరణం ఇదే. అది జరగకపోతే రబ్బరు ఎండకు జిగురుగా, చలికి పెళుసుగా మారిపోతుంది. నురగను ఇలా గట్టిపరిచే పద్ధతిని 1929లో బ్రిటన్‌లోని డన్‌లప్ సంస్థ ప్రయోగశాలలో రూపొందించారు. ఆ పేరుతోనే అది నేటికీ వాడుకలో ఉంది.

రెండో పద్ధతి తలాలే. ఇందులో అచ్చును నురగతో పూర్తిగా నింపరు. మూత బిగించి గాలి లాగేస్తే నురగ ఉబ్బి అచ్చంతా వ్యాపిస్తుంది. తర్వాత దాన్ని గడ్డకట్టేలా చల్లబరిచి, కార్బన్ డయాక్సైడ్ పంపి, చివర్లో వేడి చేస్తారు. డన్‌లప్ పద్ధతిలో నురగ గట్టిపడేలోపు బరువైన భాగం కొంత కిందికి దిగుతుంది కాబట్టి పరుపు అడుగు కాస్త గట్టిగా, పైభాగం మెత్తగా ఉండవచ్చు. తలాలేలో పైనా కిందా దాదాపు ఒకేలా ఉంటుంది. ఈ రెండింటిలో ఒకటి మంచిది, మరొకటి చెడ్డది అని లేదు. తయారీ ఖర్చు ఎక్కువ కాబట్టి తలాలే పరుపు ధర ఎక్కువ, అంతే.

లాటెక్స్ పరుపును విప్పి చూస్తే వరుసలుగా పెన్సిలంత లావు రంధ్రాలు కనిపిస్తాయి. ఇవి గాలి ఆడటానికి పెట్టినవని చాలామంది అమ్మకందారులు చెబుతారు. నిజానికి అచ్చులోని లోహపు కడ్డీలు మిగిల్చిన గుర్తులవి. నురగ వేడిని సరిగా ప్రసరించనివ్వదు. అంగుళాల మందం ఉన్న నురగ లోపలి దాకా వేడి సమంగా చేరాలంటే ఈ కడ్డీలు కావాలి. గాలి ఆడటం దాని వల్ల కలిగిన అదనపు లాభం.

‘సహజ’ అనే మాటకు కొలత ఏమిటి

రబ్బరు రెండు రకాలు. చెట్టు నుంచి వచ్చేది ఒకటి, పెట్రోలియం నుంచి స్టైరీన్, బ్యూటాడైన్ అనే పదార్థాలతో తయారయ్యేది మరొకటి. రెండింటినీ కలిపి కూడా పరుపులు చేస్తారు. కలిపినంత మాత్రాన అది మోసం కాదు. అయితే మిశ్రమాన్ని పూర్తి సహజమని చెప్పి ఆ ధర వసూలు చేస్తే అది మోసమే.

చేత్తో నొక్కి చూసి ఈ తేడా పట్టుకోవడం సాధ్యం కాదు. చిన్న ముక్క కాల్చి చూపించే వారు ఉంటారు కానీ రెండు రబ్బర్లూ నల్లటి పొగతోనే కాలుతాయి. పైగా అది ప్రమాదకరం. తేడా చెప్పగలిగేది ప్రయోగశాలే. పరారుణ కిరణాలను ఏ పదార్థం ఎక్కడ శోషిస్తుందో చూసి రబ్బరు రకాన్ని గుర్తిస్తారు. ఇంకో మార్గం కార్బన్-14. బతికి ఉన్న చెట్టు గాలి నుంచి ఈ రేడియోధార్మిక కార్బన్‌ను కొద్దికొద్దిగా తీసుకుంటూనే ఉంటుంది. దాని అర్ధాయువు 5,730 ఏళ్లు. కోట్ల ఏళ్లు భూమిలో ఉన్న పెట్రోలియంలో అది ఎప్పుడో క్షయమైపోయింది. కాబట్టి నమూనాలో కార్బన్-14 ఎంత ఉందో కొలిస్తే చెట్టు వాటా ఎంతో, పెట్రోలియం వాటా ఎంతో తేలుతుంది. పురావస్తువుల వయసు కట్టే సూత్రమే ఇక్కడ పరుపుకు పనికొస్తోంది.

కొనేవారు ఈ పరీక్షలు చేయించలేరు. అందుకే కాగితం చూడాలి. ధ్రువపత్రాలన్నీ ఒకే విషయం చెప్పవు. గ్లోబల్ ఆర్గానిక్ లాటెక్స్ స్టాండర్డ్ అనే ముద్ర ఉంటే ఆ లాటెక్స్‌కు వాడిన ముడిసరుకులో 95 శాతానికి పైగా సేంద్రియ పద్ధతిలో పండించినదని అర్థం. ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 అనే ముద్ర ఉంటే హానికర రసాయనాల పరీక్షలో ఉత్పత్తి నెగ్గిందని అర్థం. అది సహజమని చెప్పడం ఆ ముద్ర పని కాదు. కృత్రిమ ఫోమ్‌కు కూడా అది దొరుకుతుంది. ముద్ర ఉన్నప్పుడు దాని మీది సంఖ్యను ఆ సంస్థ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు.

బిల్లు మీద ఏం రాస్తున్నారన్నది ఇంకా ముఖ్యం. ‘లాటెక్స్ పరుపు’ అని రాస్తే అందులో ఏమైనా ఉండవచ్చు. పైన ఒక అంగుళం లాటెక్స్, కింద ఐదు అంగుళాల మామూలు ఫోమ్ ఉన్నా ఆ పేరు సరిపోతుంది. కొబ్బరి పీచును రబ్బరు పాలతో అతికించి చేసే రబ్బరైజ్డ్ కాయిర్ కూడా లాటెక్స్ పేరుతో అమ్ముడవుతూ ఉంటుంది. అది వేరే వస్తువు, చాలా గట్టిగా ఉంటుంది. ఏ పొర ఎన్ని అంగుళాలు, ఏ పదార్థం, సహజ రబ్బరు ఎంత శాతం అన్న మూడూ బిల్లు మీద రాయించుకోవడం మంచిది. రాయడానికి వెనకాడితే ఆ దుకాణంలో కొనాలా వద్దా అని మళ్లీ ఆలోచించాలి.

‘రసాయనాలు లేవు’ అన్న ప్రకటన గురించీ ఒక మాట. గంధకం లేకుండా లాటెక్స్ పరుపు రాదు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2013లో మూడు పరుపుల కంపెనీల మీద చర్య తీసుకుంది. తమ పరుపుల నుంచి ఆవిరయ్యే రసాయనాలు వెలువడవని అవి ఆధారాలు లేకుండా ప్రచారం చేసుకోవడమే కారణం. కొత్త లాటెక్స్ పరుపుకు తేలికపాటి రబ్బరు వాసన ఉంటుంది. గాలి ఆడే గదిలో ఉంచితే కొన్ని రోజుల్లో తగ్గిపోతుంది. కళ్లు మండేంత ఘాటు ఉంటే అది పొరలను అతికించిన జిగురుదో, మరొకదానిదో కావచ్చు. వెనక్కి ఇచ్చేయడమే మేలు.

సౌఖ్యం అంటే పీడనం పంచుకోవడం

మెత్తగా ఉంటే సుఖం అనుకుంటాం. ఇంటి పెద్దలు మాత్రం గట్టి పక్క మీదే నడుము నిలుస్తుందంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. దాన్ని లెక్క వేసి చూడవచ్చు.

60 కిలోల మనిషి బరువు దాదాపు 590 న్యూటన్ల బలం. నేల మీద వెల్లకిలా పడుకుంటే శరీరమంతా నేలకు ఆనదు. తల వెనుక భాగం, భుజాలు, పిరుదులు, పిక్కలు, మడమలు మాత్రమే ఆనుతాయి. ఆనే వైశాల్యం 0.12 చదరపు మీటర్లు అనుకుంటే సగటు పీడనం దాదాపు 4,900 పాస్కల్స్ అవుతుంది. రక్తపోటు కొలిచే భాషలో అది 37 మిల్లీమీటర్ల పాదరసం. పరుపు శరీరపు వంపులకు అనుగుణంగా కుంగి, ఆనే వైశాల్యం 0.4 చదరపు మీటర్లకు పెరిగితే అదే బరువుకు పీడనం 11 మిల్లీమీటర్లకు దిగుతుంది.

ఈ సంఖ్యలకు ఒక అర్థం ఉంది. చర్మంలోని సూక్ష్మ రక్తనాళాల మొదట్లో రక్తపోటు సుమారు 32 మిల్లీమీటర్లు ఉంటుందని యూజీన్ లాండిస్ 1930లో కొలిచారు. మనిషిని బట్టి, శరీర భాగాన్ని బట్టి ఇది మారుతుంది. అయినా బయటి పీడనం ఆ స్థాయి దాటి చాలాసేపు ఉంటే అక్కడ రక్తప్రసరణ మందగిస్తుంది. నిద్రలో మనం పదేపదే ఒత్తిగిల్లడానికి ఒక కారణం అదే. గట్టి పక్క మీద తెల్లారేసరికి భుజం తిమ్మిరెక్కడం వెనుక ఉన్నదీ అదే.

అలాగని మరీ మెత్తని పరుపు ఎంచుకోకూడదు. శరీరంలో అన్నిటికంటే బరువైనది నడుము కింది భాగం. పరుపు మరీ మెత్తగా ఉంటే ఆ భాగం ఎక్కువగా దిగిపోయి వెన్నెముక నులక మంచంలో పడుకున్నట్టు వంగిపోతుంది. కండరాలు రాత్రంతా ఆ వంపుతో పెనుగులాడుతూనే ఉంటాయి. కాబట్టి కావలసింది రెండు గుణాలు. పైపొర సులువుగా కుంగి వైశాల్యం పెంచాలి. కొంత కుంగాక గట్టిగా అడ్డుకోవాలి.

ఈ రెండు గుణాలనూ కొలిచే పద్ధతి పరిశ్రమలో ఉంది. 323 చదరపు సెంటీమీటర్ల గుండ్రని పలకతో ఫోమ్‌ను దాని మందంలో 25 శాతం లోతుకు నొక్కడానికి ఎంత బలం కావాలో కొలుస్తారు. దీన్ని ఐ.ఎల్.డి. సంఖ్య అంటారు, పౌండ్లలో చెబుతారు. ఐ.ఎల్.డి. 20 అంటే ఆ పలక మీద సుమారు 9 కిలోలు పెడితే నాలుగోవంతు కుంగుతుందని అర్థం. 20 లోపు మెత్తన, 30 దాటితే గట్టి అని స్థూలంగా అనుకోవచ్చు. తర్వాత 65 శాతం లోతుకు నొక్కడానికి ఎంత బలం కావాలో కొలిచి మొదటి సంఖ్యతో భాగిస్తారు. ఆ నిష్పత్తి ఎంత ఎక్కువైతే పరుపు అంత బాగా మొదట మెత్తగా ఉండి తర్వాత ఆసరా ఇస్తుంది. సాధారణ పాలియురేథేన్ ఫోమ్‌లో ఇది చాలావరకు రెండు దగ్గర ఉంటే, మంచి లాటెక్స్‌లో రెండున్నర నుంచి మూడు దాకా వెళ్తుంది. లాటెక్స్‌కు ఉన్న అసలు బలం ఇదే. ‘సహజ’ అన్న మాట కంటే ఈ నిష్పత్తే నడుముకు ఎక్కువ ఉపకారం చేస్తుంది.

‘ఆర్థోపెడిక్’ అన్న మాటకు మాత్రం ఇలాంటి కొలత లేదు. మన దుకాణాల్లో ఆ పేరుతో అమ్మేవి ఎక్కువగా బాగా గట్టి పరుపులు. స్పెయిన్‌లో దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న 313 మందిపై చేసిన ఒక అధ్యయనం 2003లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. కొందరికి గట్టి పరుపు, కొందరికి మధ్యస్థంగా గట్టిది ఇచ్చి 90 రోజుల తర్వాత చూశారు. మధ్యస్థ పరుపు మీద పడుకున్నవారిలోనే నొప్పి, దాని వల్ల కలిగే ఇబ్బంది ఎక్కువగా తగ్గాయి. అందరికీ ఒకే పరుపు సరిపోతుందని దీని అర్థం కాదు. నడుము నొప్పికి గట్టి పక్కే మందు అన్న నమ్మకానికి మాత్రం ఆధారం బలంగా లేదు.

పక్కకు తిరిగి పడుకునే అలవాటు ఉన్నవారికి భుజం, తుంటి దిగడానికి చోటు కావాలి కాబట్టి కాస్త మెత్తనిది నప్పుతుంది. బోర్లా పడుకునేవారికి కడుపు భాగం దిగిపోకుండా కాస్త గట్టిది కావాలి. శరీర బరువు ఎక్కువైతే అదే పరుపు మరింత కుంగుతుంది కాబట్టి గట్టిదనం, మందం రెండూ పెంచాలి. ఇద్దరు పడుకునే మంచానికి ఇద్దరూ వెళ్లి చూసుకోవడం అవసరం. 80 కిలోల భర్తకు మధ్యస్థంగా అనిపించేది 50 కిలోల భార్యకు గట్టిగా అనిపిస్తుంది.

రబ్బరు ఎందుకు వెనక్కి లేస్తుంది

ఒక రబ్బరు బ్యాండును పెదవికి ఆనించి చటుక్కున సాగదీస్తే కొద్దిగా వెచ్చగా తగులుతుంది. కాసేపు అలాగే పట్టుకుని వదులు చేస్తే చల్లగా తగులుతుంది. దీన్ని ఇంగ్లండులో జాన్ గాఫ్ అనే చూపులేని పండితుడు 1805లోనే గమనించారు. ఇనుప స్ప్రింగులో అణువుల మధ్య బంధాలు సాగి వెనక్కి లాగుతాయి. రబ్బరులో జరిగేది వేరు. అందులోని పొడవాటి అణువులు ఉండ చుట్టిన దారంలా చిందరవందరగా ఉంటాయి. సాగదీసినా నొక్కినా వాటికి ఆ స్వేచ్ఛ తగ్గి ఒక క్రమంలోకి వస్తాయి. వదలగానే తిరిగి చిందరవందర స్థితికే పోతాయి. రబ్బరును వెనక్కి తెచ్చేది ఎక్కువగా ఎంట్రోపీయే.

అందుకే లాటెక్స్ నొక్కినప్పుడు తీసుకున్న శక్తిలో పెద్ద భాగం వెంటనే తిరిగి ఇచ్చేస్తుంది. చిన్న ఉక్కు గుండును దాని మీద వదిలితే పడిన ఎత్తులో సగానికి మించి పైకి లేస్తుంది. మెమరీ ఫోమ్ మీద అదే గుండు దాదాపు లేవదు, శక్తిని లోపలే వేడిగా ఖర్చు చేసేస్తుంది. ఇది రెండు రకాల అనుభవాలు ఇస్తుంది. లాటెక్స్ మీద ఒత్తిగిల్లడం తేలిక, శరీరం గుంటలో ఇరుక్కున్నట్టు ఉండదు. మెమరీ ఫోమ్ మీద పక్కవారి కదలిక తక్కువగా తెలుస్తుంది. రాత్రి షిఫ్టు నుంచి ఒకరు, పగటి షిఫ్టు నుంచి ఒకరు వచ్చి పడుకునే ఇంట్లో ఈ రెండోదీ పట్టించుకోవాల్సిన విషయమే.

సూరత్ ఉక్కపోత, పరుపు గలీబు

‘లాటెక్స్ చల్లగా ఉంచుతుంది’ అన్నది సగం నిజం. గాలిని పట్టి ఉంచే ఏ ఫోమైనా ఉష్ణ నిరోధకమే. నిద్రలో మనిషి శరీరం సుమారు 70 వాట్ల వేడి విడుదల చేస్తుంది. అంటే గదిలో పాతకాలపు బల్బు ఒకటి వెలుగుతున్నట్టే. పరుపుకు ఆనిన వైపు నుంచి ఆ వేడి బయటకు పోవడం కష్టం. లాటెక్స్‌లోని గాలి గదులు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి, రంధ్రాలు ఉంటాయి, ఒత్తిగిల్లినప్పుడల్లా కొంత గాలి కదులుతుంది. శరీరం మరీ లోతుగా దిగదు కాబట్టి పక్కల నుంచి గాలి తగులుతుంది. మెమరీ ఫోమ్‌తో పోలిస్తే ఇది నయం. దూది పరుపు వేసిన నవారు మంచంతో పోలిస్తే చల్లదనం ఎక్కువేమీ కాదు.

సముద్రానికి దగ్గరగా ఉన్న సూరత్‌లో వేడి కంటే తేమే పెద్ద ఇబ్బంది. విశాఖపట్నం, మచిలీపట్నం వాసులకు తెలిసిన ఉక్కపోతే ఇది. శరీరం చల్లబడాలంటే చెమట ఆవిరి కావాలి. చుట్టూ గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే ఆవిరవడం మందగిస్తుంది. ఇక్కడ లాటెక్స్ కంటే దాని మీది గుడ్డ ఎక్కువ ప్రభావం చూపుతుంది. చర్మానికి దగ్గరగా ఉండేది అదే.

నూలుగుడ్డ గాలిలోని తేమను మామూలు పరిస్థితుల్లో తన బరువులో ఏడెనిమిది శాతం దాకా పీల్చుకుంటుంది. పాలిస్టర్ పీల్చుకునేది అర శాతం కూడా ఉండదు. సూరత్ మగ్గాల మీద రోజూ తయారయ్యేది ఎక్కువగా ఈ రెండో రకమే కాబట్టి ఈ తేడా ఇక్కడి కార్మికులకు చేతి స్పర్శతోనే తెలుసు. అలాగని పాలిస్టర్‌ను పూర్తిగా తీసిపారేయనక్కర్లేదు. వదులుగా అల్లిన పల్చటి పాలిస్టర్ చెమటను పక్కలకు లాగి త్వరగా ఆరిపోతుంది. మందపాటి మెత్త కుట్టిన పాలిస్టర్ గలీబు, దాని మీద నీరు దిగని ప్లాస్టిక్ పూత ఉన్న కవరు వేస్తే మాత్రం ఎంత మంచి లాటెక్స్ కొన్నా ప్రయోజనం ఉండదు. వేల రూపాయలు పోసి కొన్న గాలి రంధ్రాలను వంద రూపాయల ప్లాస్టిక్ మూసేస్తుంది. చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో నీటి నుంచి రక్షణ కావాలంటే పిల్లలు పడుకునే మేరకే వేసుకోవడం నయం.

పరుపు కింద ఏముందన్నదీ చూడాలి. నేల మీద, ముఖ్యంగా వానాకాలంలో కింది అంతస్తు గదిలో, నేరుగా పరుస్తే కింది చల్లటి ఉపరితలం దగ్గర తేమ చేరి బూజు పడుతుంది. ఖాళీలు లేని ప్లైవుడ్ పెట్టె మంచం మీదా ఇదే సమస్య. పలకల మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉన్న చెక్క మంచం సరైనది. సందు మరీ ఎక్కువైతే లాటెక్స్ అందులోకి జారి కుంగుతుంది. నేల మీద వేయక తప్పని ఇంట్లో పొద్దున లేవగానే పరుపును గోడకు చేరవేసి అడుగుకు గాలి తగలనివ్వాలి.

దుకాణంలో చేయదగ్గ పరీక్షలు

మొదటిది తూకం. సహజ లాటెక్స్ ఫోమ్ సాంద్రత సాధారణంగా ఘనపు మీటరుకు 65 నుంచి 95 కిలోల మధ్య ఉంటుంది. మామూలు పాలియురేథేన్ ఫోమ్‌ది 20 నుంచి 50 మధ్య. 78 అంగుళాల పొడవు, 60 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల మందం ఉన్న పరుపు ఘనపరిమాణం 0.46 ఘనపు మీటర్లు. సాంద్రత 80 అనుకుంటే బరువు దాదాపు 37 కిలోలు రావాలి. 72, 36 అంగుళాల ఒంటరి పరుపైతే అదే మందానికి 20 కిలోలు. పూర్తి లాటెక్స్ అని చెప్పిన డబుల్ పరుపును ఒక్కరే సులువుగా ఎత్తగలిగితే లోపల మరేదో ఉందని అనుమానించాలి. అయితే బరువు ఉన్నంత మాత్రాన నమ్మకూడదు. ధర తగ్గించడానికి సుద్దపొడి, బంకమన్ను వంటివి కలిపితే బరువు పెరుగుతుంది, స్థితిస్థాపకత తగ్గుతుంది.

అందుకే రెండో పరీక్ష కావాలి. గోళీనో, చిన్న ఉక్కు బేరింగు గుండునో జేబులో వేసుకెళ్లి, గలీబు జిప్పు తీయించి, నేరుగా లాటెక్స్ మీద అరమీటరు ఎత్తు నుంచి వదలాలి. గుండు రంధ్రంలో పడకుండా రెండు మూడుసార్లు చేసి చూడాలి. పడిన ఎత్తులో సగానికి అటూ ఇటూ లేస్తే మంచి లక్షణం. పక్కనే ఉన్న మామూలు ఫోమ్ మీద కూడా వదిలి పోల్చుకుంటే తేడా కళ్లకే కనిపిస్తుంది. జిప్పు తీయడానికి వీల్లేని పరుపైతే లోపలి పొరల కోత నమూనా చూపించమనాలి.

మూడోది పడుకుని చూడటం. అంచున కూర్చుని రెండుసార్లు ఊగితే ఏమీ తెలియదు. ఇంట్లో ఎలా పడుకుంటారో అలా పదిహేను నిమిషాలు పడుకోవాలి. వెల్లకిలా ఉన్నప్పుడు నడుము కింద అరచెయ్యి దూర్చి చూడాలి. చెయ్యి మధ్యలో ఖాళీగా ఆడితే పరుపు గట్టిది. దూర్చడమే కష్టమైతే మెత్తది. కాస్త ఒత్తిడితో దూరితే సరైనది. పక్కకు తిరిగినప్పుడు మెడ నుంచి నడుము దాకా వెన్నెముక తిన్నగా ఉందో లేదో వెంట వచ్చినవారు చూసి చెప్పాలి. దిండు మందం సరిపోకపోయినా మెడ నొప్పి వస్తుంది, ఆ నేరం పరుపు మీద పడుతుంది.

నాలుగోది వారంటీ కాగితం. ఏళ్ల సంఖ్య కంటే ఎంత లోతు గుంట పడితే మారుస్తారో చూడాలి. ఒక అంగుళం దాటితేనే అని ఉంటే, ముప్పావు అంగుళం గుంటలో పదేళ్లు పడుకోవాల్సిందే.

ఎండలో వేయకూడదు

దూది పరుపు, బొంత, దిండ్లు ఎండలో వేసి కర్రతో దులపడం మన ఇళ్లలో తరతరాల అలవాటు. దూదికి అది మంచిదే. లాటెక్స్‌కు అదే శత్రువు. సహజ రబ్బరు అణువుల గొలుసులో ద్విబంధాలు ఉంటాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ వాటి మీదే దాడి చేస్తాయి. గొలుసులు తెగితే లాటెక్స్ పైపొర మొదట పసుపెక్కి, తర్వాత గట్టిపడి పొడిపొడిగా రాలుతుంది. డాబా మీద ఆరేసిన పాత రబ్బరు బ్యాండు ఎలా అవుతుందో ఇదీ అంతే. లాటెక్స్‌ను నీడలో, ఫ్యాను గాలికే ఆరబెట్టాలి. ఎండలో వేయాల్సింది గలీబును, దుప్పట్లను. రెండు మూడు నెలలకోసారి తల వైపు, కాళ్ల వైపు మార్చి వేస్తే ఒకేచోట కుంగదు. నీళ్లతో తడపకూడదు. స్పాంజి కాబట్టి లోపలికి చేరిన నీరు రోజుల తరబడి ఆరదు.

అలర్జీ విషయం కూడా చూడాలి. రబ్బరు పాలలోని కొన్ని ప్రోటీన్లు కొందరికి పడవు. ఈ సమస్య ఎక్కువగా రబ్బరు చేతితొడుగుల వాడకంలో బయటపడింది. పరుపుల తయారీలో ఫోమ్‌ను కడుగుతారు కాబట్టి, పైన గుడ్డ ఉంటుంది కాబట్టి ముప్పు తక్కువ. అయినా బెలూను ఊదితే పెదవులు వాచేవారు, చేతితొడుగులు వేసుకుంటే దద్దుర్లు వచ్చేవారు వైద్యుల్ని అడగకుండా లాటెక్స్ కొనకూడదు.

అందరికీ ఇది అవసరమా

డబ్బు సరిపోకపోతే అప్పు చేసి ఆరంగుళాల లాటెక్స్ కొననక్కర్లేదు. పీడనాన్ని పంచే పని ఎక్కువగా చేసేది పైపొరే. ఇంట్లో ఉన్న కాయిర్ పరుపు గుంటలు పడకుండా గట్టిగా ఉంటే, దాని మీద రెండంగుళాల లాటెక్స్ పొర వేసుకుంటే ఆ సుఖంలో చాలా భాగం దొరుకుతుంది. ఒంటరి మంచానికి ఆ పొర బరువు ఆరేడు కిలోలు, ధర పూర్తి పరుపు కంటే బాగా తక్కువ. కింది పరుపు మధ్యలో కుంగి ఉంటే మాత్రం ఈ ఉపాయం పనిచేయదు. పైపొర ఆ గుంటలోకే ఒదిగిపోతుంది.

బాగా ఏకించి కుట్టిన దూది పరుపు కూడా తీసిపారేసేది కాదు. అది తేమ పీల్చుకుంటుంది, ఎండలో ఆరుతుంది, గట్టిపడితే మళ్లీ ఏకించుకోవచ్చు. నిద్రలేవగానే ఒళ్లు నొప్పులు లేకపోతే ఉన్న పక్కను మార్చాల్సిన పని లేదు. ఎన్ని మార్చినా నొప్పి తగ్గకపోయినా, కాళ్లలోకి తిమ్మిరి పాకినా పరుపుల దుకాణానికి బదులు ఎముకల వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

పగటిపూట నిద్రపోవాల్సిన షిఫ్టు కార్మికుడికి పరుపు ఒక్కటే సరిపోదు. కిటికీకి ముదురు రంగు తెర, నేరుగా తగిలే ఫ్యాను గాలి, నూలు దుప్పటి కూడా కావాలి. వీటికయ్యే ఖర్చు పరుపు ధరలో చిన్న వాటా మాత్రమే. కొనే క్రమంలో ముందు వీటిని సమకూర్చుకుని, మిగిలిన డబ్బుకు ఎంత మందం లాటెక్స్ వస్తుందో లెక్క వేసుకుంటే, ఒక గోళీ జేబులో వేసుకుని, తూకం అడిగి, బిల్లు మీద పొరల వివరం రాయించుకుని ఇంటికి రావచ్చు.